బీభత్సం: రోత, బలం

‘తుఫాను బీభత్సం’, ‘ఏనుగుల బీభత్సం’, ‘లారీ బీభత్సం’ అనే శీర్షికలు పత్రికల్లో తరచూ కనబడుతుంటాయి గనుక, ఈ మాటకు విధ్వంసమే అసలు అర్థమని నేటి పాఠకుడు అనుకోవడం సహజం. అలంకారశాస్త్రంలో దాని తావు వేరు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో బీభత్సం ఒకటి కాగా, దాని స్థాయిభావం, అంటే రసంగా పరిణమించేదాకా మనసులో నిలిచి ఉండే భావం, జుగుప్స. తేట తెలుగులో రోత, ఏవగింపు. నెత్తురు, పేగులు చూడగా కలిగేది క్షోభజమనీ, మలం, పురుగుల వల్ల కలిగేది ఉద్వేగి అనీ విభజించిన భరతుడు, నటుడు దాన్ని ముఖం ముడిచి, ముక్కు మూసుకొని, ఒళ్లు కుదించుకొని, ఉమ్మివేసి చూపాలన్నాడు. ఈ అభినయంలో ప్రతి కదలికా ఎదుటిదాన్ని నెట్టివేసేదో, దాని నుంచి వెనక్కి తగ్గేదో కావడం గమనించదగినది.

మాట పుట్టుకలోనూ ఆ నెట్టుడు ఉంది. ఆధునిక భాషావేత్తలు దీన్ని ఒత్తడం, తోసివేయడం అనే అర్థాలున్న ‘బాధ్’ ధాతువుతో ముడిపెట్టారు. మనం నిత్యం వాడే ‘బాధ’ కూడా అక్కడిదే. ధాతువు తొలి అక్షరాన్ని రెట్టించి ‘సన్’ ప్రత్యయం చేరిస్తే సాధారణంగా కోరిక అనే అర్థం వస్తుంది. తాగాలనే కోరిక ‘పిపాస’ అయింది అలాగే. ఇక్కడ ధకారం సకారం ముందు తకారంగా మారి, అది కోల్పోయిన ఒత్తు వెనుకనున్న బకారానికి చేరడంతో ‘భత్స’ ఏర్పడింది. పాణినీయులు మాత్రం ‘బధ’ ధాతువును చెప్పి, సన్ ఇక్కడ కోరికను గాక చిత్తవికారాన్ని, అంటే మనసు వికలం కావడాన్ని, తెలుపుతుందని వివరించారు.

అర్జునుడి పది పేర్లలో బీభత్సుడు ఒకటి. యుద్ధంలో రోత పుట్టించే పని చేయడు గనుక ఆ పేరు వచ్చిందని విరాటపర్వంలో అతడే ఉత్తరుడికి చెబుతాడు. అంతటి బలశాలికి, ఏ పనికి వెనుదీయాలో తెలిసినందుకు దక్కిన పేరది. 

మాట మూలంలో రోతతో పాటు నెట్టివేసే బలమూ ఉంది కాబట్టి పత్రికల వాడుకను తప్పని కొట్టివేయడం న్యాయం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో కెరటాల ధాటికి ఊళ్లు తుడిచిపెట్టుకుపోగా, నీరు తీశాక మనుషుల శవాలు, పశువుల కళేబరాలు కుళ్లిన దుర్వాసన మిగిలింది. అక్కడ ఈ మాట రెండర్థాలలోనూ నిజం. డివైడరును గుద్దిన లారీకి మాత్రం ‘గుద్దింది’ అనే క్రియ చాలు.