తల్లి ఏదండీ?

"చంపం" అని బోర్డు పెట్టుకునే జంతువుల షెల్టర్ ఊరికొకటి ఉండాలన్నది నా పాత పాట. ఈ కాలమ్ పాఠకులు విని విని విసిగిపోయి ఉంటారు. ఆ బోర్డు కింద ఇంకో బోర్డు ఉంటుందని ఈ వారమే చూశాను: "కుక్కపిల్లలు చేర్చుకోబడవు." ఆ 'బడు' మీద నా కోపం మరో వారానికి దాచుకుంటాను. ఈసారి కోపం అసలు సంగతి మీదే.

మా అపార్ట్‌మెంట్ జనరేటర్ షెడ్డులో ఓ వీధికుక్క పిల్లల్ని పెట్టింది. మా సంఘం సంగతి మీకు తెలియనిది కాదు. లిఫ్టు ఆగిపోతే వారాల తరబడి ఉలకని పలకని గ్రూపు, ఆ సాయంత్రానికల్లా పిల్లల్ని పంపేయాలని తీర్మానం చేసేసింది. నేనే పూచీ పడి, అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, పిల్లల్ని అందులో సర్ది, ఆటోలో ఊరి చివరి షెల్టర్‌కు పట్టుకెళ్లాను. గేటు దగ్గర ఓ చిన్న డాక్టరమ్మ పెట్టెలోకి తొంగి చూసి ఒక్కటే అడిగింది.

"తల్లి ఏదండీ?"

తల్లి షెడ్డు దగ్గరే ఉంది. ఆటో కదిలితే వీధి మలుపు దాకా వెనకాలే వచ్చింది కూడా.

"అయితే వెనక్కి తీసుకెళ్లండంకుల్."

"చంపం అని అంత పెద్ద బోర్డు పెట్టారు కదమ్మా?"

"అందుకే తీసుకోవట్లేదండీ."

ఇలాంటి జవాబులు నాకు సరిపడవు. కానీ ఆ అమ్మాయి తర్వాత చెప్పింది వినాలి. పాలు తాగే పిల్లలకు ఉన్న రక్షణల్లా తల్లి పాలు. మామూలుగా ఆరు వారాలు దాటితేగాని టీకాలు మొదలుపెట్టరు, వేసినా ఒక్క సూదితో అయ్యేది కాదు. షెల్టరేమో ఊళ్లో ఉన్న కుక్క జబ్బులన్నీ వచ్చి చేరే చోటు. డిస్టెంపర్ వస్తుంది, పార్వో వస్తుంది. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతికే ఉంటుంది, ఫినాయిల్ చల్లితే పోయే రకం కాదు. ఒక పిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలైతే పక్కనున్న వాటికీ మొదలవుతాయి. ఎవరూ చంపకుండానే గది ఖాళీ అయిపోతుంది. తల్లి బస్సు కింద పడి పోతేనో, ఎవరూ చేరదీసే వీలు లేకపోతేనో తప్ప పిల్లల్ని లోపలికి రానివ్వకపోవడం అక్కడి పని తెలిసినవాళ్ల పద్ధతి.

వెనక్కి వస్తూ ఆటోలో మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ షెల్టర్ అన్న మాట వినకుండానే పోయింది.

మా చిన్నప్పుడు తెనాలిలో కుక్కల బండి వచ్చేది. మునిసిపాలిటీ వాళ్లది. ఇద్దరు మనుషులు, ఇనప పటకారు, మెడకు వేసే ఉచ్చు. పన్ను కట్టిన ఇంటి కుక్కకు మెడలో బిళ్ల ఉండేది. బిళ్ల ఉన్నది బతికినట్టు, లేనిది బండెక్కినట్టు. బండి ఎటు వెళ్లేదో పిల్లలకు ఎవరూ చెప్పేవాళ్లు కాదు, అందరికీ తెలుసు. బండి వీధి మొగలో కనిపించగానే పిల్లలం అరుచుకుంటూ పరిగెత్తేవాళ్లం. ఇంటింటి దొడ్డి తలుపులూ తెరుచుకునేవి. ఆ ఒక్క పూటా వీధికుక్కలన్నీ ఇంటి కుక్కలే.

నాయనమ్మది మడి. కుక్క అరుగెక్కితే నీళ్లు పోయించి కడిగించేది. మా వీధిలో తిరిగే నల్లకుక్క నీడ పడినా గొణుక్కునేది. కానీ మధ్యాహ్నం భోజనాలయ్యాక విస్తళ్లు దొడ్డిగోడ అవతల పడేసేటప్పుడు ఒక విస్తట్లో మజ్జిగన్నం కలిపి ఉండేది, ఎవరూ చెయ్యి పెట్టనిది. అడిగితే "ఎంగిలే కదరా" అనేది.

ఒకసారి నల్లది దొడ్లోకి రాకుండా మా గుమ్మం ముందే నిలబడిపోయింది. పటకారు పట్టుకున్నవాడు దగ్గరికొచ్చేశాడు. నాయనమ్మ తడిచీరతోనే వీధిలోకి వచ్చి, "అది మా కుక్క" అంది.

"బిళ్ల ఏదమ్మా?"

"బిళ్ల నాకూ లేదు. నన్నూ ఎక్కించుకుంటావా బండి?"

వాడు నవ్వి, పక్క వీధికి పోయాడు. ఈ కథ మా ఇంట్లో పెళ్లిళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు, అందరూ అక్కడితో ఆపేస్తారు. ఆ పక్క వీధిలో ఏమైందో కథలో ఉండదు. నల్లది ఏటా రెండు కాన్పులు కనేదని, ఆ పిల్లల్లో చాలావరకు వానకో, లారీకో, మళ్లీ వచ్చిన బండికో పోయేవని కూడా ఉండదు. బండి ఏటేటా వచ్చింది. కుక్కలు ఏటేటా అన్నే ఉన్నాయి.

ఆ లెక్క మద్రాసులో ఒకాయన అడిగాడు. బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అక్కడ 1959లో మొదలైంది. దాన్ని స్థాపించిన కుటుంబానికి చెందిన చిన్ని కృష్ణ, కార్పొరేషన్ 1860 నుంచి కుక్కల్ని పట్టి చంపుతోందని పాత కాగితాల్లో చూశాడు. నూరేళ్లు దాటినా వీధులు ఖాళీ కాలేదంటే పద్ధతిలోనే లోపం ఉందన్నాడు. పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్నది 1964 నుంచి వాళ్ల వాదన. కార్పొరేషన్ ఒప్పుకునేసరికి 1996 వచ్చింది. 2001లో కేంద్రం దాన్నే దేశమంతటికీ నిబంధనలుగా చేసింది. హైదరాబాద్‌లో 1992లో నటి అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్, విశాఖలో 1996లో పుట్టిన జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏ పట్టుకున్న దారీ ఇదే.

అంటే ఆరోగ్యంగా ఉన్న కుక్కను చంపకపోవడం మన దగ్గర చట్టమే. 'నో కిల్' అన్న పేరు అమెరికాలో గట్టిగా నిలబడింది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జంతు సంరక్షణ సంఘం అధిపతి రిచర్డ్ అవాంజినో నగరంతో ఒప్పందం చేసుకుని, దత్తతకు పనికొచ్చే ఏ కుక్కనీ పిల్లినీ చంపకూడదని పట్టుబట్టాడు. అక్కడ దిక్కులేని కుక్క చేరేది షెల్టర్‌కే, చావు కాచుకుని ఉండేదీ అక్కడే. కాబట్టి అక్కడ ఆ బోర్డుకు విలువుంది. ఇక్కడ మాత్రం నేను ఇన్నాళ్లూ పొగిడింది చట్టాన్ని పాటిస్తున్నందుకన్నమాట! మన షెల్టర్‌ను మెచ్చుకోవాలంటే లోపల ఎన్ని కుక్కలున్నాయని కాదు, ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి ఎన్నింటిని వాటి వీధికే పంపిందని అడగాలి.

కుక్కలంటే భయపడేవాళ్లను నేను వెక్కిరించను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపిన దృశ్యం చూసినవాళ్లకు నిబంధనలు చదివి వినిపిస్తే చెంపదెబ్బ కొట్టినట్టే ఉంటుంది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమన్నప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని సవరించి, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక వదలమన్నారు. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల కుక్కల్ని మాత్రం మళ్లీ అక్కడ వదలొద్దన్నారు. ఆ చివరి మాట నాకు అర్థమవుతుంది. పసిపిల్లల వార్డు ముందు కుక్క పడుకోకూడదు. కానీ ఊళ్లో కుక్కలన్నిటికీ గోడ కట్టడమంటే, ఆ డాక్టరమ్మ భయపడిన పార్వో గదిని ఊరంత చేయడమే.

రేబిస్ ముదిరిన కుక్కను ఆ షెల్టర్‌లోనూ ఎవరూ బతికించలేరు. వెన్ను విరిగి మూలిగే కుక్కకు డాక్టరు ఆఖరి ఇంజెక్షన్ ఇవ్వడాన్ని చట్టం ఒప్పుకుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. "చంపం" అన్న బోర్డు పెట్టుకుని దాన్ని రోజుల తరబడి మూలగనివ్వడం నా లెక్కలో పుణ్యం కాదు.

పిల్లలు షెడ్డులోనే ఉన్నాయి. అవి పాలు మానాక తల్లిని ఆపరేషన్‌కు తీసుకెళ్లడానికి వ్యాను వస్తుంది. కేంద్రం 2023లో తెచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఇలాంటి కుక్కల తిండికి చోటు చూపించాల్సిన బాధ్యత అపార్ట్‌మెంట్ సంఘానిదేనని గ్రూపులో పెట్టాను. రెండు నీలం టిక్కులు, జవాబు లేదు.

మూడు కాళ్ల కుక్క ఫొటో పెడితే విరాళాలు వస్తాయట. గర్భసంచి తీసిన కుక్కకు ఫొటో ఏముంటుంది? వ్యాను డీజిల్‌కు డబ్బిచ్చేవాళ్లు లేరని డాక్టరమ్మ ఫోనులో అంది. నేను కొంత పంపాను. రసీదు ఎవరి పేరున రాయాలని అడిగితే మా నాయనమ్మ పేరు చెప్పాను. కుక్కల బండికి తన పేరున డబ్బు కట్టానని ఆవిడకు తెలిస్తే, ముందు నన్ను తిట్టి, తర్వాత తలస్నానం చేసి ఉండేది.