పడవాయన పేరు ఏ అధ్యాయంలో?

కర్మన్‌ఘాట్‌లో మా ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్తే, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసి బైండింగ్ చేసిచ్చే దుకాణాలు కనిపిస్తాయి. కృతజ్ఞతల పేజీ వాళ్ల కంప్యూటర్లో ముందే తయారుగా ఉంటుంది. ప్రిన్సిపాల్, శాఖాధిపతి, గైడు పేర్లు మారిస్తే చాలు. చివర్లో అమ్మానాన్నలు, స్నేహితులు, ఆ భగవంతుడు. జువాలజీ మాస్టారుగా అలాంటి పేజీలు చాలా చదివాను. సముద్రానికి వెళ్లొచ్చిన పిల్లలు కూడా భగవంతుణ్ణి మరిచిపోలేదు గానీ, బోటు డ్రైవరు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మాకు సముద్రమంటే రాత్రి రైలెక్కి కాకినాడ చేరడం. కోరింగ అభయారణ్యానికి అటవీశాఖ అనుమతి కాగితం, హోప్ ఐలాండ్ దాకా బోటు, మంచినీళ్ల డబ్బాలు, ఫార్మలిన్ సీసాలు, ప్లాంక్టన్ వల. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో ఏర్పడిన పొడవాటి దిబ్బ ఆ దీవి. బంగాళాఖాతం అలలు కాకినాడ మీదికి నేరుగా రాకుండా అదే అడ్డు.

ఆ వల సంగతి కొంచెం చెప్పాలి. సన్నటి నైలాన్ గుడ్డతో కుట్టిన సంచి, కొసన చిన్న సీసా. బోటు వెనక కట్టి, మనిషి నడిచేంత వేగంతో లాగాలి. జోరు పెరిగితే నీళ్లు లోపలికి పోకుండా వల మూతి దగ్గరే పక్కలకు తన్నుకుపోతాయి. లోపల పడ్డ కంటికానని జీవాలు నలిగిపోతాయి. వేటకు పరుగెత్తించడం అలవాటైన ఇంజనును, గాలి ఒకవైపూ నీటి ఒరవడి ఇంకోవైపూ లాగుతుంటే, అలా పాకించడం తేలిక కాదు. రిపోర్టులో మాత్రం ‘ఉపరితలంలో పది నిమిషాలు వల లాగితిమి’ అని ఉంటుంది. లాగింది మేమా?

మడ అడవి పాయల్లోకి వెళ్తే ఇంకో లెక్క. పాటు మొదలైందంటే బోటు బురదలో కూర్చుంటుంది. పిల్లలు పీతల బొరియలు లెక్కపెడుతూ ఉంటే, మా బోటు డ్రైవరు నీటి అంచు చూస్తూ ఉండేవాడు. ‘నీళ్లు లాగేస్తన్నాయండి మాస్టారూ. ఇప్పుడు కదలకపోతే రాత్రికి దోమలతోనే కాపురమండి’ అనేవాడు. మా పరిశీలన సమయం అంతటితో సరి. ఏ పాయలో ఎంతసేపు చూశామన్నది ఆయన నిర్ణయమే. అందుకే అలాంటి మనిషికి థాంక్స్ చెప్పాల్సింది ముందు పేజీలో కాదంటాను. ‘పరిశోధన విధానం’ అనే అధ్యాయంలో, వల కొలతల పక్కన, ఆయన ఏం చేశాడో రాయాలి. పిల్లలు మొదట నవ్వారు.

ఈ పద్ధతి పెద్దవాళ్ల దగ్గరా లేదు. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి మన నౌకాదళం ఓడల్లో బంగాళాఖాతాన్ని కొలిచాడు. తర్వాత విశాఖ దాపున సముద్రం అడుగున ఉన్న లోయల గురించి 1964లో ఆయన రాసిన వ్యాసంలో వాటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం ప్రొఫెసరు. కృతజ్ఞత చెప్పడంలో అంతకంటే ఘనమైన తీరు నాకు తెలియదు. కాగితం చిరిగినా లోయ చిరగదు. అయినా ఓడను కదలకుండా నిలిపి, కొలిచే తీగను లోతుల్లోకి దింపిన నావికుల్లో ఒక్కడి పేరుతో ఒక్క దిబ్బయినా ఉంటే బాగుండేది.

మన ఊళ్లోనే అటు చివర ప్రగతినగర్‌లో, 1999లో ఏర్పడిన సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. చేపలు ఎక్కడ దొరకొచ్చో ఉపగ్రహాల సమాచారం చూసి వేటగాళ్లకు చెబుతుంది. ఒడ్డుకు జ్ఞానం ఇక్కణ్ణుంచి బాగానే వెళ్తోంది. అటునుంచి వచ్చేదానికే పద్దు లేదు.

ఒక బ్యాచ్ పిల్లలు నా మాట విని విధానం అధ్యాయంలో ఆయన పేరు చేర్చారు. బైండింగ్ చేయించిన ఒక ప్రతిని తీసుకెళ్లి ఆయనకే ఇచ్చాం. పేరు చూసుకుంటాడనుకున్నాం. ఆయన పేజీలు తిప్పి పటం దగ్గర ఆగాడు. ‘ఇది పాత పటమండి. పోయిన వరద నుంచి ఈ పాయ ఇలా పోవట్లేదండి, అటు తిరిగింది’ అన్నాడు. పెన్ను ఇస్తే పటం మీదే గీసి చూపించాడు. లైబ్రరీ ప్రతిలోనూ ఆ గీత చేర్పించి, కింద సవరణ చేసినవారు అని ఆయన పేరు రాయించాం.