రమాబాయి లేఖలు: బోధనాధికారము

పండిత రమాబాయి 1883లో ఇంగ్లండునందు క్రైస్తవమతమును స్వీకరించెను. పిమ్మట చెల్టెన్‌హామ్‌లో ఆమె యువకులకు పాఠములు చెప్పు ప్రసక్తి రాగా, అది భారతదేశమున ఆమె గౌరవమునకు భంగకరమని బిషప్పులు ఆక్షేపించిరి. 1977లో గ్రంథరూపమున వెలువడిన లేఖలలో ఆమె ప్రత్యుత్తరము కలదు: తన తల్లి గాని తాను గాని యువకులకు బోధించుటను తండ్రియు, భర్తయు తప్పుపట్టలేదట.

ఈ జవాబు బలమంతయు దాని నిరాడంబరతయందే యున్నది. శాస్త్రచర్చ లేదు, ఇంటి సంగతియే సాక్ష్యము. దేశాచారము పేర వచ్చిన అభ్యంతరమును దేశీయ విద్యాసంప్రదాయమే త్రోసిపుచ్చినది.

తరువాత ఆమెయే హీబ్రూ, గ్రీకు మూలములనుండి బైబిలును మరాఠీలోనికి అనువదించెను. లేఖనమునకు మాటలు కూర్చిన స్త్రీ దానిని సంఘమున బోధింపరాదనుట ఎట్లు పొసగును? 2013లో నంద్యాల అధ్యక్షమండలమునకు తొలి స్త్రీ బిషప్పును నియమించి దక్షిణ ఇండియా సంఘము సమాధానమిచ్చినది. పెక్కు సంఘములు ఇంకను ఈయవలసియున్నవి.