శ్వాస నుంచి అన్నం ముద్ద దాకా: నిత్యజీవితంలో సతిపట్ఠాన సాధన

పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాల సమాహారమైన త్రిపిటకంలో మజ్ఝిమనికాయపు 10వ సుత్తంగానూ, మరికొంత విస్తరించిన రూపంలో దీఘనికాయపు 22వ సుత్తంగానూ కనిపించే సతిపట్ఠాన బోధను బుద్ధుడు కురుదేశంలోని కమ్మాసధమ్మ పట్టణంలో చేశాడని ఆ సుత్తాలే చెబుతాయి. ఈనాడు మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో ఆసుపత్రుల్లో, పాఠశాలల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో నేర్పుతున్న ధ్యానానికి ప్రధానమైన మూలం ఇదే. సతి అంటే స్మృతి, అనగా ఇప్పుడు జరుగుతున్నదాన్ని మరువకుండా గమనిస్తూ ఉండే ఎరుక. ఆ ఎరుకను నిలపడానికి సుత్తం నాలుగు తావులు చూపుతుంది. మొదటిది కాయం, అంటే శరీరం. రెండవది వేదన, అంటే ప్రతి అనుభవంలోనూ ఉండే సుఖం, దుఃఖం, లేదా ఆ రెండూ కాని తటస్థ స్థితి. మూడవది చిత్తం, అంటే ఆ క్షణంలో మనసు ఉన్న తీరు. నాలుగవది ధర్మాలు, అంటే కోరిక, ద్వేషం, మాంద్యం, కలత, సందేహం అనే ఐదు ఆవరణాలు మొదలుకొని మనసును నడిపించే అంశాలన్నీ.

కాయానుపశ్యన అనే శరీర పరిశీలనా భాగంలో, చదువరులు తరచు త్వరగా దాటిపోయే ఒక ఖండం ఉంది. ముందుకు నడిచేటప్పుడు, వెనక్కి మరలేటప్పుడు, చేయి ముడిచేటప్పుడు, చాచేటప్పుడు, చీవరం అనే భిక్షువు వస్త్రం కప్పుకొనేటప్పుడు, తినేటప్పుడు, తాగేటప్పుడు, చివరికి మలమూత్ర విసర్జన వేళ కూడా చేస్తున్న పనిని పూర్తిగా తెలిసి చేయాలని అది విధిస్తుంది. ఈ తెలివిడికి సంపజఞ్ఞం, సంస్కృతంలో సంప్రజన్యం అని పేరు. ఆసనం మీద కూర్చోవడంతో పాటు ఈ దైనందిన క్రియలకూ సుత్తం చోటు ఇచ్చింది కనుక, ధ్యానాన్ని వంటింటికీ బజారుకూ తీసుకురావడం ఆధునికుల సౌలభ్యం కోసం చేసిన పలచబరచిన ఏర్పాటు అనడం సరికాదు. సాధనకు అసలు క్షేత్రం రోజంతా జరిగే పనులే. కూర్చొని చేసే ధ్యానం అందుకు తగిన బలాన్ని సమకూర్చే అభ్యాసం.

ఆ అభ్యాసం సాధారణంగా ఆనాపానసతితో, అంటే ఉచ్ఛ్వాస నిశ్వాసాల మీద నిలిపే ఎరుకతో మొదలవుతుంది. క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళంలోని అనురాధపురంలో బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమగ్గం దీని పద్ధతిని ఆశ్చర్యం కలిగించేంత వివరంగా చెప్పింది. కొత్త సాధకుడు శ్వాసలను లెక్కపెట్టాలి. ఆ లెక్క అయిదుకు తగ్గకూడదు, పదికి మించకూడదు. మరీ తక్కువైతే ఇరుకున పడ్డ మనసు గిజగిజలాడుతుంది, మరీ ఎక్కువైతే మనసు శ్వాసను వదిలి అంకెలనే పట్టుకుంటుంది. మొదట ధాన్యం కొలిచేవాడిలా నింపాదిగాను, శ్వాస స్పష్టంగా తెలిసిన తరువాత దొడ్డి వాకిట కూర్చొని బయటికి వచ్చే ఆవులను లెక్కించే గోపాలకునిలా చురుకుగాను లెక్క సాగాలి. మనసు కుదిరాక లెక్కను విడిచి శ్వాసను వెంబడించడం, ఆపైన ముక్కు కొనకో పై పెదవికో గాలి తాకే చోటనే ఎరుకను నిలపడం తరువాతి మెట్లు. మధ్యలో మనసు పక్కకు పోతుంది. పోయిందని తెలిసినప్పుడు విసుక్కోకుండా, తనను తాను నిందించుకోకుండా తిరిగి శ్వాస దగ్గరకు రావాలి. అలా తెలుసుకొని తిరిగి వచ్చే ప్రతిసారీ ఎరుక కొంత బలపడుతుంది కనుక, మనసు నిలవడం లేదని సాధన మానుకొనేవారు దాని ఫలం అందబోయే చోటనే ఆగిపోతున్నారు.

ఈ ఎరుక భోజనం వేళ ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడవచ్చు. పళ్లెంలో వేడి అన్నం, పప్పు, ఆవకాయ ఉన్నాయనుకుంటే, మొదట వాటి రంగును, వాసనను, నోట ఊరే నీటిని గమనించాలి. కలిపేటప్పుడు వేళ్లకు తగిలే వేడిని, మెతుకుల మెత్తదనాన్ని తెలుసుకోవాలి. ముద్ద నోట పెట్టుకున్నాక కారం నాలుక మీద ఎక్కడ తగిలిందో, నమిలేకొద్దీ అన్నం ఎలా తియ్యగా మారుతుందో, మింగాలనే తలపు ఎప్పుడు పుట్టిందో చూడాలి. ఇలా చూసేవారికి ముందుగా బయటపడే విషయం, నోట్లోది ఇంకా మింగకముందే చేయి తరువాతి ముద్దను సిద్ధం చేస్తోందన్నది. కన్ను టీవీ మీదో సెల్‌ఫోన్ మీదో ఉంటే అదీ తెలియదు. చేయి ఆ మింగుడు పూర్తయ్యేదాకా ఆగితే, కడుపు నిండిన సంగతి మరో వడ్డనకు ముందే తెలిసివస్తుంది.

సాధన విలువ మాత్రం రెండవ తావైన వేదన దగ్గర పూర్తిగా వెల్లడవుతుంది. ప్రతీత్యసముత్పాదం, అంటే ఒకదాన్ని ఆధారం చేసుకొని మరొకటి పుడుతుందనే బౌద్ధ సిద్ధాంతం ప్రకారం, ఇంద్రియానికీ విషయానికీ స్పర్శ కలగగానే వేదన, వేదన నుంచి తృష్ణ, తృష్ణ నుంచి ఉపాదానం, అంటే గట్టిగా పట్టుకోవడం పుడతాయి. పై అధికారి నలుగురిలో ఒక పుల్లవిరుపు మాట అన్నప్పుడు ఛాతీ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం వేదనకు సంబంధించినవి. బదులు చెప్పి తీరాలన్న తహతహ తృష్ణ. సాధన లేనివారికి ఈ రెండూ ఒకటే అయి మాట నోరుజారిపోతుంది. శరీరంలోని ఆ బిగువును బిగువుగా గుర్తించగలిగినవారికి రెండింటి నడుమ కొద్దిపాటి వ్యవధి చిక్కుతుంది. ఊరుకోవడమో, నెమ్మదిగా జవాబివ్వడమో, ఏది తగునో ఎంచుకోవడానికి ఆ వ్యవధి చాలు. సంసారంలో, ఉద్యోగంలో, పిల్లల పెంపకంలో ధ్యానం వల్ల కలిగే మేళ్లలో ఇంతకు మించినది లేదు.

గృహస్థులకు ఈ విద్య అందడంలో బర్మా పాత్ర గొప్పది. అక్కడి భిక్షువు లేడీ సయాడో శిష్యపరంపరకు చెందిన ఊ బా ఖిన్ స్వతంత్ర బర్మాకు తొలి అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూనే, తన కార్యాలయ ఉద్యోగులకు విపశ్యన అనే ఈ ఎరుక ధ్యానాన్ని నేర్పాడు. ఆయన శిష్యుడైన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా 1969లో భారతదేశంలో బోధన ప్రారంభించాక, ఇగత్‌పురిలోనూ హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరా తొలినాటి కేంద్రాలు ఏర్పడ్డాయి. ఇక్కడి పది రోజుల మౌన శిబిరాలకు రుసుము లేదు. తెలుగునేలకు ఈ సంప్రదాయం కొత్తదీ కాదు. బోధిసిరి అనే ఉపాసిక పాళీ త్రిపిటకాన్ని అనుసరించే సింహళ థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిందని నాగార్జునకొండలో దొరికిన క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలపు శాసనం చెబుతోంది.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ 1979లో ఈ పద్ధతులను మతపరిభాష లేకుండా కొన్ని వారాల శిక్షణగా మలచి, దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగులకు నేర్పడం మొదలుపెట్టాడు. ఫలితాల విషయంలో అతిశయోక్తులు చాలా వినిపిస్తున్నాయి కనుక నిలిచిన ఆధారాలనే చూడడం మేలు. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రిక ప్రచురించిన ఒక సమీక్ష, 3,515 మంది పాల్గొన్న 47 ప్రయోగాలను పరిశీలించి, ఆందోళన, కుంగుబాటు, నొప్పి తగ్గడానికి మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం ఒక మోస్తరుగా తోడ్పడుతుందని తేల్చింది. వ్యాయామం, మందులు వంటి చికిత్సల కంటే మెరుగైనదనడానికి ఆధారం దొరకలేదని కూడా అంతే స్పష్టంగా చెప్పింది. కుంగుబాటు పదే పదే తిరగబెట్టే 424 మంది మీద బ్రిటన్‌లో జరిపి 2015లో లాన్సెట్‌లో ప్రచురించిన పరిశోధనలో, ధ్యానాధారిత చికిత్స పొందిన వర్గానికీ మందులు కొనసాగించిన వర్గానికీ రెండేళ్లలో వ్యాధి తిరగబెట్టిన పాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సర్వరోగ నివారిణి అన్న ప్రచారం కన్నా ఈ మితమైన ఫలితమే సంప్రదాయానికి ఎక్కువ గౌరవం తెచ్చిపెడుతుంది.

ఆధునిక శిక్షణల్లో తరచు జారిపోతున్నది శీలం. హింస, దొంగతనం, వ్యభిచారం, అబద్ధం, మత్తు పదార్థాలు అనే ఐదింటికి దూరంగా ఉండడం సమాధికి, అంటే ఏకాగ్రతకు, పునాది అని మూల సంప్రదాయం పట్టుబడుతుంది. ఎదుటివారికి అన్యాయం చేస్తూ ఏకాగ్రతను మాత్రం పెంచుకోవాలనుకొనేవారికి ఈ సంప్రదాయంలో తావు లేదు. అలాగే మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు, తీవ్రమైన ఆఘాతం అనుభవించినవారు వైద్యుని అడగకుండా సుదీర్ఘ మౌన శిబిరాల్లో చేరకూడదు. మందులు సొంత నిర్ణయంతో మానకూడదు. మిగిలినవారు ఉదయం పది నిమిషాలు శ్వాసకు, ఒక పూట భోజనంలో తొలి ఐదు ముద్దలకు తమ ఎరుకను కేటాయించి, ఎనిమిది వారాలు విడవకుండా చేసి, ఆ తరువాతే ఈ సాధన తమకు పనికివస్తుందో లేదో తేల్చుకోవాలి.