మొత్తం మార్కును ఎవరు నిర్ణయిస్తున్నారు?
మూడుల్ గ్రేడ్‌బుక్ లెక్కపై ఒక పరిశీలన

ఆన్‌లైన్ మూల్యాంకనంలో తెరమీద కనిపించే చివరి అంకెను మనం ప్రశ్నించం. కంప్యూటర్ పొరపాటు చేయదన్న నమ్మకమే దీనికి కారణం. కూడికల్లో అది పొరపాటు చేయదు, నిజమే. అయితే ఏ మార్కుకు ఎంత విలువ ఇవ్వాలన్నది కూడిక కాదు, నిర్ణయం. 2002లో విడుదలై అనేక విద్యాసంస్థలు వాడుతున్న మూడుల్ ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

1. భారిత సగటు

అసైన్‌మెంట్లకు 30, పరీక్షకు 70 శాతం భారం ఉందనుకోండి. అసైన్‌మెంట్లలో 80 శాతం, పరీక్షలో 50 శాతం వస్తే మొత్తం 24 + 35 = 59 అవుతుంది. ఇక్కడ భారం ఎంతో ముందే తెలుసు కాబట్టి ఈ లెక్కను మీరే సరిచూసుకోవచ్చు.

2. ఎవరూ నిర్ణయించని భారం

మూడు అసైన్‌మెంట్లలో ఒక విద్యార్థినికి 20కి 18, 50కి 40, 100కి 40 వచ్చాయనుకుందాం. అంటే 90, 80, 40 శాతాలు. 'మీన్ ఆఫ్ గ్రేడ్స్' పద్ధతిలో సగటు 70. 'సింపుల్ వెయిటెడ్ మీన్' పద్ధతిలో గరిష్ఠ మార్కే భారమవుతుంది కనుక 170కి 98, అంటే 57.6 శాతం. జవాబులు అవే, దిద్దినవారూ వారే, అయినా 12 శాతానికి పైగా తేడా. మూడో అసైన్‌మెంటు అయిదు రెట్లు ముఖ్యమని అధ్యాపకుడు భావించి ఉంటే అభ్యంతరం లేదు. 100 అనే అంకె వేసినందువల్లనే ఆ ప్రాముఖ్యం వచ్చి ఉంటే అది మూల్యాంకనం అనిపించుకోదు.

3. ఖాళీ గడి

ఖాళీ గ్రేడ్లను మినహాయించే ఏర్పాటు ఉన్నప్పుడు, పై ఉదాహరణలో పరీక్షకు ముందు తెరమీద 80 కనిపిస్తుంది. ఖాళీని సున్నాగా లెక్కిస్తే 24 కనిపిస్తుంది. మొదటిది ధీమాను పెంచుతుంది, రెండోది భయపెడుతుంది. రెండూ తుది ఫలితం కావు. ఉద్యోగం చేసుకుంటూ చదివే దూరవిద్యార్థి ఆ 80ని చూసి పరీక్షను తేలిగ్గా తీసుకుంటే నష్టపోయేది ఆ విద్యార్థే.

4. మొత్తం ఒక్కటే చాలదు

సగటులో ఒక విభాగపు లోటును మరొకటి పూడ్చుతుంది. దీన్ని అరికట్టడానికి కనీస మార్కుల నియమం పెడతారు. ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. ధ్రువపత్రం కావాలంటే వీటిలో వరుసగా 10, 30 రావాలి. కాబట్టి 25 + 28 = 53 వచ్చినవారికి ధ్రువపత్రం రాదు, 10 + 30 = 40 వచ్చినవారికి వస్తుంది. మొత్తం మాత్రమే చూసేవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. నియమాన్ని ముందే ప్రకటించారు కనుక ఇది అన్యాయం కాదు.

5. ముగింపు

ఒకే పద్ధతిని రుద్దకుండా అనేక పద్ధతులు ఇవ్వడం మూడుల్ గొప్పతనం. ఏ పద్ధతి ఎంచుకున్నారో విద్యార్థికి చెప్పే బాధ్యతను అధ్యాపకుడికే వదిలేయడం దాని లోపం. విద్యార్థి నివేదికలో ప్రతి అంశం భారాన్నీ, మొత్తానికి దాని వాటానూ చూపే నిలువు వరుసలు ఉన్నాయి. అవి మీకు కనిపించకపోతే అడగండి. భారాలు తెలుసుకోవడం మీ హక్కు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అసైన్‌మెంట్లలో 60 శాతం, పరీక్షలో 40 శాతం వచ్చిన విద్యార్థికి 30:70 భారంతో ఎంత వస్తుంది? భారాలను తారుమారు చేస్తే ఎంత? ఈ రెండింటిలో ఏది సమంజసమో కారణాలతో రాయండి. (లెక్కకు జవాబులు: 46, 54)