కారేది ఒకచోట, పుట్టేది ఒకచోట

ట్రాక్టరు కింద నూనె మరక కనబడగానే మనవాళ్ళ చెయ్యి ముందు స్పానరు మీదికి పోతుంది. తడిగా ఉన్న నట్టునల్లా బిగించేస్తారు. నేను మాత్రం స్పానరు ముట్టుకోకముందే డీజిలు డబ్బా, బ్రష్షు, పాతగుడ్డలు దగ్గర పెట్టుకుంటాను. లీకు పట్టుకోవడంలో సగం పని కడగడమేనని నా గట్టి నమ్మకం.

నల్లగొండ వైపు బత్తాయి తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టర్ల సంగతి ఇది. చెట్ల వరసల మధ్య దూరాలి కాబట్టి వీటి వెడల్పు తక్కువ. పంపు, కంట్రోల్ వాల్వు, లిఫ్ట్ సిలిండరు, పైపులు అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. పైన ఎక్కడో చెమ్మగిల్లిన నూనె హౌసింగు అంచు పట్టుకుని, బోల్టు తలలు దాటుకుంటూ జారి, అన్నిటికన్నా దిగువన చుక్కవుతుంది. ఫ్యాను గాలికి వెనక్కి చిమ్మేది కొంత. దాని మీద దుమ్ము పడి జిడ్డు కట్టిందంటే, పోయిన నెల కారిందేదో ఇవాళ కారుతున్నదేదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మొన్న వానాకాలంలో పక్క తోట ట్రాక్టరుకు ఇదే వచ్చింది. వెనక హౌసింగు కింద చుక్కలు. మెకానిక్ వచ్చి చూసి, “లిఫ్ట్ సీలు పోయింది, పైన మొత్తం విప్పాల్సిందే” అన్నాడు. సరిగ్గా గుంటక తోలే అదను. నడిపే కుర్రాణ్ని అడిగాను: “ఎక్కడ కారుతుందన్నది తర్వాత, ఎప్పుడు కారుతుందో చెప్పు తమ్మీ.”

“లిఫ్ట్ లేపేటప్పుడేనే అన్నా. రాత్రి షెడ్డుల పెడితే పొద్దున కింద పొడిగనే ఉంటది.”

ఆ ఒక్క మాటతో చాలా తేలిపోయింది. ఇంజను ఆగాక కూడా రాత్రంతా కారితే అడుగున ఉండే ప్యాకింగునో, డ్రెయిన్ ప్లగ్గునో, యాక్సిల్ సీలునో అనుమానించాలి. ఇంజను నడుస్తూ లివరు పైకి లాగినప్పుడే కారితే ప్రెషర్ లైను చూడాలి. పంపు కూతపెడుతూ, నూనె నురగ కక్కుతూ, లిఫ్ట్ వణుకుతూ లేస్తుంటే సక్షన్ పైపు గాలి పీలుస్తోందేమో చూడాలి. అక్కడ బయటికి చుక్క కూడా పడకపోవచ్చు.

బండి కడిగి, తుడిచి, ఎండకు ఆరబెట్టాం. అనుమానమున్న జాగాలన్నిటి మీదా ముఖానికి రాసుకునే పౌడరు చల్లాం. ఇంజను స్టార్టు చేయించి, లేచిన గొర్రు కిందికి ఎవరినీ పోనీయకుండా, పక్కన నిలబడి టార్చి కొట్టాను. సిలిండరు చుట్టూ పౌడరు తెల్లగానే ఉంది. దానికి పైన, పంపు నుంచి వచ్చే పైపు వాల్వులో కలిసే బాంజో బోల్టు దగ్గర తెల్లదనం మీద సన్నటి గీత ఒకటి నల్లబడి, అంగుళం అంగుళం కిందికి దిగింది. విప్పితే రాగి వాషరు. బిగించీ బిగించీ గట్టిపడిపోయి, దాని మీద గోటికి తగిలే గాడి పడింది. కొత్త వాషరు దొరికేదాకా దాన్నే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే రాగి మళ్ళీ మెత్తబడుతుంది. గరుకు కాగితం మీద గాడి పోయేదాకా రుద్ది వేశాం. లిఫ్ట్ విప్పే పనే లేకపోయింది. ఆ మెకానిక్‌కు పని రాదని నేననను. జిడ్డు మీద జిడ్డు చూసి చెప్పమంటే ఎవరైనా అలాగే చెబుతారు.

నేల మీద చుక్క పడని లీకులు మరీ ప్రమాదం. గొర్రు లేపి ఇంజను ఆపితే అది మెల్లగా దిగిపోతోందా? పిస్టన్ ఓ-రింగో, వాల్వో లోపల్లోపలే నూనె వదిలేస్తున్నట్టు. కొన్ని ట్రాక్టర్లలో హైడ్రాలిక్ పంపును ఇంజను టైమింగు గేర్లే తిప్పుతాయి. అక్కడ పంపు షాఫ్టు సీలు పోతే హైడ్రాలిక్ నూనె ఇంజనులోకి చేరుతుంది. వెనక నూనె తగ్గుతుంది, ఇంజను నూనె పెరుగుతుంది. కాబట్టి గేజి కడ్డీలు రెండూ ఒకేసారి తీసి చూడాలి. ఇంజను నూనె తగ్గడం లేదని సంతోషించి ఊరుకుంటే ఇంజనుకే ఎసరు.

ఇంకొకటి, ఇది మాత్రం ఎన్నిసార్లైనా చెబుతాను. నడుస్తున్న పైపు మీద చెయ్యి వేసి తడి వెతకొద్దు. కారు టైరులో గాలి 2 బార్ల పైచిలుకు ఉంటే, ఈ పైపుల్లో నూనె 150 బార్లు కూడా దాటుతుంది. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంతే ఉంటుంది, లోపల మాంసం చచ్చిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. పొరపాటున చేతికి తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి, ఏం జరిగిందో ఆయనకు వివరంగా చెప్పండి. పసుపు అద్ది తెల్లారిదాకా చూద్దామనుకుంటే వేలే పోవచ్చు.

సీలు మార్చిన కొద్ది రోజులకే మళ్ళీ కారుతోందని వచ్చేవాళ్ళూ ఉన్నారు. సీలు నకిలీదని షాపువాడిని తిడతారు. షాఫ్టు మీద గాడి పడిందేమో చూడరు. వరి మడిలో దమ్ము చేసొచ్చిన బండైతే నేను ముందు బ్రీదరు చూస్తాను. బురదతో అది మూసుకుపోతే, వేడెక్కిన హౌసింగులో గాలి పోవడానికి దారి లేక మంచి సీలును కూడా నూనెతో సహా బయటికి తోస్తుంది. రెండో సీలు కొనేముందు ఆ బ్రీదరు విప్పి, డీజిల్లో కడిగి, కంప్రెసరుతో గాలి కొట్టించి బిగించండి.