దేనారము: మూలార్థమా, సందర్భార్థమా?

మత్తయి 20:2లోని ‘దేనారము’నకు మూలమైన లాటిన్ పేరు ‘దేనారియుస్’. పదేసి అను అర్థముగల మాట నుండి అది పుట్టెను. క్రీ.పూ. 211 ప్రాంతమున మొదలైన ఆ వెండి నాణెము పది ‘ఆస్’ కంచు నాణెములకు సమానము. ప్రభువు కాలమునకు అది పదహారు. కాబట్టి పేరులోని పదిని పట్టుకొని ఈ ఉపమానమును పది ఆజ్ఞలకు ముడిపెట్టు వ్యాఖ్యానము నిలువదు. అదే పేరు సంస్కృతములో ‘దీనార’మై గుప్తుల శాసనములలో బంగారు నాణెమును సూచించెను. పేరు ఒకటే, విలువ వేరు.

నేటి రూపాయలలో లెక్కగట్టి చెప్పుటయు చాలదని మా అభిప్రాయము. ఉపమానమే దాని భావమును తెలుపుచున్నది: ఒక దినపు కూలి. అయిదు గంటలకు వచ్చినవాని ఇంటను ఆ రాత్రి పొయ్యి వెలుగవలెను గదా! సంఘములోని కూలివారికి ఇది వివరింపనక్కరలేదు. నేర్చుకొనవలసినది బోధకులమైన మనమే.